బీమా కార్డు ఉన్న ఇంట్లో బరువు లెక్క: అనంతపురం ఏజెంటు సలహాలు

"కార్డుండాది కదక్కా, ఇంకేం భయం?" ఈ మాట వినకుండా నాకు వారం గడవదు. అనేవాళ్లలో ఎక్కువమంది నలభై దాటినవాళ్లు, ప్యాంటు సైజు రెండుసార్లు మారినవాళ్లు. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను. ఇంట్లో ఆరోగ్య బీమా ఉంది, ఒంటి మీద బరువూ ఉంది. ఆ బీమాతో బరువు విషయంలో ఏం చేయించుకోవచ్చు, ఏది కుదరదు, కాగితాల దగ్గర ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నదే ఇందులో చెబుతాను. మెంతులు నానబెట్టమనీ, పరగడుపున వేడినీళ్లు తాగమనీ చెప్పేవాళ్లు మీ వాట్సాప్‌లో ఇప్పటికే చాలామంది ఉంటారు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లోనే మొదలైంది: మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మా అనంతపురం. ఆ రోజుల్లో నేను ఆరోగ్యమిత్రగా చేరాను. ఆసుపత్రి లోపలికి రాగానే కనిపించే హెల్ప్‌డెస్క్ బల్ల నాది. తెల్లకార్డు చూడటం, వివరాలు ఎక్కించడం, అప్రూవల్ వచ్చేదాకా బంధువుల టెన్షన్ చూస్తూ కూర్చోవడం నా పని. తర్వాత ఆ ఉద్యోగం మాని ప్రైవేటు ఆరోగ్య బీమా ఏజెంటునయ్యాను. రెండు వైపులా చూశాక నాకు అర్థమైందేమిటంటే, మనిషి ఆసుపత్రిలో మంచమెక్కిన రోజు నుంచే బీమా డబ్బు కదులుతుంది. బరువు మాత్రం అంతకుముందు పదిహేనేళ్లుగా మెల్లగా వచ్చి చేరుతుంది. ఆ పదిహేనేళ్లలో వాడుకోదగ్గ ముక్కలు కూడా బీమాలో కొన్ని ఉన్నాయి. చాలామంది వాటి జోలికే పోరు.

కార్డు వస్తే మనిషి లావెక్కుతాడా?

ఈ ప్రశ్నను అమెరికావాళ్లు గట్టిగానే పట్టించుకున్నారు. 1974 నుంచి 1982 దాకా ర్యాండ్ అనే పరిశోధన సంస్థ ఒక పెద్ద ప్రయోగం చేసింది. కొన్ని కుటుంబాలకు వైద్యం పూర్తిగా ఉచితం, మిగతావాళ్లు బిల్లులో కొంత చేతినుంచి కట్టుకోవాలి. ఉచితంగా దొరికినవాళ్లు డాక్టర్ దగ్గరికి ఎక్కువసార్లు వెళ్లారు. పేదవాళ్లలో బీపీ ఉన్నవారికి కొంత మేలు జరిగింది. బరువులో మాత్రం రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

2008లో ఆరెగాన్ రాష్ట్రం పేదలకిచ్చే మెడికెయిడ్ బీమాలో కొన్ని ఖాళీలు తెరిచింది. అడిగినవాళ్లందరికీ సరిపోవు కాబట్టి లాటరీ తీశారు. లాటరీ తగిలినవాళ్లనూ తగలనివాళ్లనూ పోల్చి, సుమారు రెండేళ్ల తర్వాతి ఫలితాలను 2013లో ప్రచురించారు. బీమా వచ్చినవాళ్లలో షుగర్ ఉందని బయటపడటం పెరిగింది, మందుల వాడకం పెరిగింది. డిప్రెషన్ తగ్గింది. ఆసుపత్రి ఖర్చుతో కుదేలైపోవడం దాదాపు ఆగిపోయింది. బీపీ, కొలెస్ట్రాల్, మూడు నెలల షుగర్ సగటు, ఊబకాయం మాత్రం గణాంకాలకు అందేంతగా కదల్లేదు.

దీనికి ఎదురు చెప్పినవాళ్లూ ఉన్నారు. జయ్ భట్టాచార్య, మరికొందరు ఆర్థికవేత్తలు బీమా ఉండటం వల్లే బరువు కొంత పెరుగుతుందని లెక్క తేల్చారు. లావైతే వచ్చే రోగాల ఖర్చు తనది కాదని తెలిస్తే మనిషి కాస్త వదులవుతాడని వాళ్ల వాదన. 2006లో మసాచుసెట్స్ రాష్ట్రం దాదాపు అందరికీ బీమా అందేలా చట్టం చేసింది. ఆ మార్పును చదివినవాళ్లు అక్కడ బరువు స్వల్పంగా తగ్గిందనీ, ఒళ్లు కదిలించడం కాస్త పెరిగిందనీ రాశారు. ఒకరు పెరుగుతుందంటారు, ఇంకొకరు తగ్గుతుందంటారు. ఎటు చూసినా మార్పు చిన్నదే.

కార్డు ధైర్యంతో మనవాళ్లు లావెక్కుతారంటే నేను నమ్మను. ఆసుపత్రి బిల్లు తలుచుకుని ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ వద్దన్నవాణ్ణి సప్తగిరి సర్కిల్‌లో నేను చూడలేదు. కార్డు రాకముందూ తిన్నాం, వచ్చాకా తింటున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్లే. దానికి కారణాలు వంటింట్లో, కూర్చుని చేసే పనిలో, బండి దిగని అలవాటులో ఉన్నాయి. బీమా మీద నాకున్న ఫిర్యాదు వేరు. గుండెకు స్టెంటు వేస్తామంటే అది లక్షలు ఇస్తుంది. ఆ స్టెంటు దాకా పోకుండా ఆపే పరీక్షకు వచ్చేసరికి మనంతట మనం అడిగితే తప్ప నోరు విప్పదు. అందుకే అడగడం నేర్చుకోవాలి.

కార్డు వచ్చిన వారంలోనే కొలవండి

ఒక టేపు, ఒక బరువు మిషన్ కొనండి. మిషన్ వెయ్యి రూపాయల అటూఇటూ దొరుకుతుంది. ఇంట్లో పెద్దవాళ్లందరి ఎత్తు, బరువు, నడుము కొలిచి పాలసీ ఫైలు మొదటి పేజీలోనే తారీఖుతో రాయండి. నడుమును బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక, చీర కుచ్చిళ్లు వదులు చేసి కొలవాలి. పొట్ట లోపలికి లాక్కుంటే నష్టపోయేది మీరే. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే మన భారతీయుల లెక్కలో జాగ్రత్తపడాల్సిందే.

బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, దాని లెక్క తేలిక. కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడమే. 158 సెంటీమీటర్ల ఆడమనిషి 72 కిలోలుంటే 72ను 1.58తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ 1.58తో భాగించండి. 28.8 వస్తుంది. మనవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన డాక్టర్లు లెక్కిస్తారు. పాశ్చాత్యులు 30 దాకా ఆగుతారు. మనకు తక్కువ బరువుకే షుగరూ గుండెజబ్బూ వస్తాయి కాబట్టి గీత కిందికి జరిగింది.

బీపీ, షుగర్ చూపించుకోవడానికి ఏ కార్డూ అక్కర్లేదు. ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం అక్కే చూస్తుంది. ఊళ్లో ఆమె ఏ రోజు ఉంటుందో కనుక్కుని వెళ్లండి, చీటీ మీద అంకెలు రాయించుకోండి. ఆ చీటీ కూడా ఫైల్లోకే.

మీది ఏ రకం కార్డు?

ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే ఇదివరకటి ఆరోగ్యశ్రీ, ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా అంతే. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. 70 ఏళ్లు దాటినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఇస్తున్నారు. ఈ రెండింటితో బరువు తగ్గే దారి వెతకడం దండగ. పెద్ద రోగం వచ్చినప్పటికి దాచిపెట్టుకోండి.

మనవాళ్లు చిన్నచూపు చూసే ఈఎస్ఐ మాత్రం ఈ విషయంలో అన్నిటికన్నా మేలు. నెల జీతం 21,000 రూపాయలలోపు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. జీతంలోంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతాడు. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న విడిభాగాల కంపెనీల్లో పనిచేసే కుర్రవాళ్లు జీతం చీటీలో ఆ కోత చూసి తిట్టుకుంటారు. కానీ ఈఎస్ఐ డిస్పెన్సరీలో మంచమెక్కకుండానే డాక్టర్ని చూడొచ్చు. బీపీ మందు, షుగర్ మందు, రక్తపరీక్ష దొరుకుతాయి. పైగా భార్యాపిల్లలకూ వర్తిస్తుంది, అర్హతను బట్టి అమ్మానాన్నలకు కూడా. పెనుకొండ వైపు ఒక అబ్బాయి వాళ్లమ్మకు బయట నెలనెలా షుగర్ మందులు కొంటుంటే, ఆమె పేరు ఎక్కించమని నేనే కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. నాకు కమీషన్ రాని సలహా అది. అయినా ఇదే మంచి సలహా.

కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలో పాత జబ్బులకు సాధారణంగా మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. బరువెంతని కూడా అడగరు. అది చూసి మురిసిపోయి సొంత పాలసీ తీసుకోవడం వాయిదా వేస్తారు. ఉద్యోగం పోయిన రోజు పాలసీ పోతుంది, అప్పటికి బరువూ వయసూ రెండూ పెరిగి ఉంటాయి. ముప్పైల్లో, రిపోర్టులు శుభ్రంగా ఉన్నప్పుడే చిన్నదైనా సొంతది ఒకటి తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు కూడా.

ప్రపోజల్ ఫారంలో బరువు గడి

పాలసీ తీసుకునేటప్పుడు నింపే ఫారం ఇది. ఇందులో ఈ ఒక్క గడి దగ్గర జరిగే బేరాలు కూరగాయల మార్కెట్లో కూడా జరగవు. "అక్కా, ఎనభై ఎనిమిది వద్దు, డెబ్బై ఐదు వెయ్. ఎవరు తూకమేసి చూస్తారు?" అంటారు. ఆసుపత్రివాళ్లు చూస్తారు. చేరిన రోజు నర్సమ్మ కేస్‌షీట్‌లో రాసే మొదటి అంకెల్లో బరువొకటి. మత్తుమందు మోతాదుకు అది కావాలి కాబట్టి ఆమె అబద్ధం రాయదు.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ఒకాయన వేరే ఏజెంటు దగ్గర పాలసీ తీసుకున్నాడు. ఫారం నింపింది ఆ ఏజెంటే. బరువు తగ్గించి రాశాడు, బీపీ మాత్రల సంగతి వదిలేశాడు. రెండో ఏడు ఛాతీనొప్పితో బెంగళూరులో చేరితే, కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే క్యాష్‌లెస్ ఆగిపోయింది. ఫారంలో అంకె ఒకటి, కేస్‌షీట్‌లో అంకె ఇంకొకటి. డాక్టరు అడిగితే భార్య "ఆరేండ్లుగా బీపీ మాత్ర మింగుతాడు సార్" అని నిజం చెప్పింది. ఆ మాట కూడా కేస్‌షీట్‌లోకి ఎక్కింది. ఆ నెలలో మగ్గాల మీద ఉన్న చీరలు ఒప్పుకున్న ధరకన్నా తక్కువకు అమ్ముకుని బిల్లు కట్టారు.

అందుకని ఫారం మీరే నింపండి, లేదా మీ ముందే నింపించి ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తీసుకోండి. నిజం రాస్తే ఏమవుతుంది? కంపెనీ వైద్య పరీక్షలు అడగొచ్చు. ప్రీమియం కొంత పెంచొచ్చు, దాన్ని లోడింగ్ అంటారు. బీపీ, షుగర్ లాంటి ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్, అంటే ఆ జబ్బుకు డబ్బివ్వని కాలం, పెడుతుంది. 2024 నుంచి అది 36 నెలలు మించకూడదు. మరీ ఎక్కువ బరువుంటే కొన్ని కంపెనీలు వద్దంటాయి, అప్పుడు ఇంకో కంపెనీ చూడాలి. వరసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసమని రుజువు చేస్తే తప్ప, అప్పుడు చెప్పలేదన్న కారణంతో క్లెయిం కొట్టేయడానికి వీల్లేదు. ఈ నిబంధన విని "అయితే ఐదేళ్లు దాస్తే చాలు కదా" అన్న మహానుభావులున్నారు. మోసమని రుజువు చేస్తే తప్ప అన్న ముక్కను వాళ్లు వినలేదు.

పాలసీ కాగితం చేతికి వచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చు. ఆ 30 రోజుల్లో చదవాల్సింది ఒక్క పేజీ: మీ ఎత్తు, బరువు, జబ్బులు సరిగ్గా పడ్డాయా లేదా. తప్పుంటే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పెట్టండి.

అడిగితేనే దొరికేవి

చాలా పాలసీల్లో ఏడాదికో, కొన్నేళ్లకోసారో ఉచిత హెల్త్ చెకప్ ఉంటుంది. దానికి జేబునుంచి పైసా కట్టక్కర్లేదు. నా దగ్గర పాలసీ ఉన్నవాళ్లలోనే దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. ఫోన్ చేసి గుర్తు చేసినా "రోగం లేకుండా రక్తమెందుకిచ్చేది" అంటారు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మూడు అడగండి: ఏ పరీక్షలున్నాయి, మన ఊళ్లో ఏ ల్యాబ్‌లో చేస్తారు, ఇంటికొచ్చి రక్తం తీస్తారా. మూడు నెలల షుగర్ సగటు, కొలెస్ట్రాల్ రకాలు, లివర్, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ ఉంటే బరువున్నవాళ్లకు ఉపయోగం. లేకపోతే ఆ రెండు మూడు పరీక్షలకు పైన డబ్బు కట్టి కలిపించుకోండి.

కొన్ని కంపెనీలు ఫోన్ యాప్‌లో అడుగులు లెక్కించి రెన్యూవల్‌లో తగ్గింపు ఇస్తాయి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున నడిచేవాళ్లలో కొందరు ఈ తగ్గింపు కోసమే మొదలుపెట్టి, ఇప్పుడు కబుర్ల కోసం వస్తున్నారు. కారణం ఏదైతేనేం. మనవడి జేబులో ఫోన్ పెట్టి క్రికెట్‌కు పంపే తాతలూ ఉన్నారు. తగ్గింపు తాతకు వస్తుంది, నడుము మాత్రం తగ్గదు. యాప్‌లోనే ఉచితంగా డైటీషియన్‌తో మాట్లాడే వీలుంటే వాడుకోండి. ఆమె ఓట్స్, కీన్వా అంటే మొహమాటపడకుండా మన తిండి చెప్పండి: సంగటి ముద్ద ఎంత సైజు, అందులో బియ్యమెంత, శెనక్కాయల చట్నీ ఎన్ని గరిటెలు, నెలకు ఎన్ని ప్యాకెట్ల నూనె. రాగి సంగటి తింటే లావెక్కరన్న నమ్మకం మనవైపు బలంగా ఉంది. రెండు ముద్దలు, పైన నెయ్యి, పక్కన వేపుడు అయితే అది కూడా లెక్కలోకి వస్తుంది. నూనె ప్యాకెట్ల సంఖ్య చెప్పగానే ఆమె మిగతా ప్రశ్నలు ఆపేస్తుంది, చూడండి.

మాట్లాడిన ప్రతిసారీ వచ్చే చార్టు, మెసేజీ దాచండి. ఎందుకో కింద చెబుతాను.

ఆపరేషన్, ఇంజెక్షన్

బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్‌కు బీమా డబ్బు రాదని అందరూ అనుకుంటారు. షరతులు తీరితే రావచ్చు. 2019లో ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలను అదుపు చేసే సంస్థ) పెట్టిన ప్రామాణిక మినహాయింపుల్లో, అంటే దేనికి డబ్బు రాదో చెప్పే జాబితాలో, ఆ షరతులు స్పష్టంగా ఉన్నాయి. డాక్టర్ సలహా ఉండాలి, వైద్య పద్ధతుల ప్రకారం అది అవసరమని తేలాలి, వయసు 18 నిండాలి. బీఎంఐ 40 లేదా అంతకుమించి ఉండాలి. 35 లేదా అంతకుమించి ఉన్నా సరిపోతుంది, కానీ దాంతో పాటు గుండెజబ్బో, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, అదుపులోకి రాని టైప్ 2 షుగరో ఉండి, ఆపరేషన్ కాని పద్ధతులన్నీ ప్రయత్నించి విఫలమై ఉండాలి. ఈ షరతులు తీరని ఆపరేషన్‌కు డబ్బు రాదు. తీరినా మీ పాలసీలో వెయిటింగ్ ఎంత, పరిమితి ఎంత అన్నది చూసుకోవాలి. ఇందాకటి 158 సెంటీమీటర్ల మనిషికైతే 40 అంటే దాదాపు 100 కిలోలు, 35 అంటే 87 కిలోల పైన.

విఫలమయ్యామని మాటతో చెబితే చాలదు, కాగితం చూపించాలి. తారీఖులతో రాసిన బరువులు, డైటీషియన్ చార్టులు, షుగర్ రిపోర్టులు అప్పుడు అక్కరకొస్తాయి. ఇవేవీ లేకుండా ఆపరేషన్ నెలలో పరుగెత్తి పాత తారీఖుల చీటీలు రాయించుకోవాలని చూసేవాళ్లున్నారు. అది మోసం, దొరికిపోతే పాలసీయే పోతుంది.

వారానికోసారి వేసుకునే బరువు ఇంజెక్షన్ల గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. వాటిలో ఒకటైన మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది. ఇంట్లో వేసుకునే మందు కాబట్టి, ఆసుపత్రిలో చేరితే చెల్లించే మామూలు పాలసీ దానికి డబ్బివ్వదు. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికిచ్చే ఓపీడీ కవర్ తీసుకున్నవాళ్లు అందులో మందుల పరిమితి, బరువు చికిత్స మినహాయింపు చదివాకే ఆశపెట్టుకోండి. టౌన్‌లో నెలకు పది కిలోలంటూ బోర్డులు పెట్టిన స్లిమ్మింగ్ సెంటర్ల ప్యాకేజీకి ఏ ఆరోగ్య పాలసీ నుంచైనా డబ్బు వస్తుందని ఎవరైనా చెబితే, అది రాసి సంతకం పెట్టమనండి.

క్లెయిం కొట్టేస్తే

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్‌లోనూ, బీమా తగాదాలు తేల్చే అధికారి అయిన హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరా ఫిర్యాదు వేయొచ్చు. అంబుడ్స్‌మన్ 50 లక్షల దాకా చూస్తారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. వైద్యసేవ సమస్యయితే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి.

రెన్యూవల్ తారీఖుకు రెండు నెలల ముందు

ఆ తారీఖుకు ఫోన్లో అలారం పెట్టుకోండి. మళ్లీ బరువు, నడుము కొలిచి పాత అంకెల కింద రాయండి, ఆ ఏటి ఉచిత చెకప్ మిగిలిపోయి ఉంటే చేయించేయండి. బరువు వల్ల లోడింగ్ పడినవాళ్లు తగ్గివుంటే, కొత్త రిపోర్టులు జతచేసి ప్రీమియం మళ్లీ చూడమని కంపెనీకి రాయండి. కొన్ని చూస్తాయి, కొన్ని చూడవు. చూడని కంపెనీని వదిలి ఇంకోదానికి మారాలంటే రెన్యూవల్‌కు కనీసం 45 రోజుల ముందే పోర్టింగ్‌కు దరఖాస్తు పెట్టాలి. గడిచిపోయిన వెయిటింగ్ కాలం పాత బీమా మొత్తం దాకా మీ వెంటే వస్తుంది. కొత్త కంపెనీ ఫారంలోనూ బరువు గడి ఉంటుంది, అక్కడ ఆ రోజు మిషన్ చూపించిన అంకె వేయండి.